తీసేసిన మొదటి వరుస

పోటుకు 12 రోజులు

కొండ మీద ఉండి మమ్మల్ని నడిపే కొండసభ పంపిన పేజీ ఈ మధ్యాహ్నం దిగింది. వెడల్పు పన్నెండు వందల చుక్కలు. నాచుదిబ్బ మిషన్ల తెర వెడల్పు నూట ఇరవై ఎనిమిది చుక్కలు, ఎత్తు అరవై నాలుగు. ఒత్తులు విరగకుండా తెలుగు కనిపించాలంటే ఒక్కో వరుసకు పదహారు చుక్కలు కావాలి. అంటే తెరకు నాలుగు వరుసలు.

ఈ పేజీని ఉన్నదున్నట్టు పంపితే దిబ్బవాళ్ళకు సభ ముద్రలో తెరచాప కొస ఒక్కటే కనిపిస్తుంది. పడవ పటం, రంగుల గళ్ళు, కుడివైపు అడుగున ‘ఎక్కుతాం’ అనే మీట, అన్నీ తెర అవతల ఉండిపోతాయి. కొండ మీద వాళ్ళు మెరుపు ఏడాదిలో తమ మంచి తెరలను ఇనుప గదిలో దాచుకున్నారు. ఇక్కడ అలాంటి తెరలన్నీ ఆ మెరుపులకు కాలిపోయాయి. బస్సుల్లో వాడిన టికెట్ మిషన్లు మాత్రం మొరటువి కాబట్టి బతికాయి. ఇప్పుడు ఇంటికొకటి ఉంది.

మిగతా దిబ్బలు పోయిన ఏడే ఖాళీ అయ్యాయి. నాచుదిబ్బలో నలభై ఒక్క ఇళ్ళున్నాయి. ఈ అమావాస్య పోటుకు దిబ్బ మునుగుతుందని సభ తేల్చింది. ఏ ఇల్లు పడవెక్కుతుందో పేజీలోనే చెప్పాలి. చెప్పని ఇంటికి చోటు లేదు.

“దీన్ని ఆ తెరలకి కుదించడానికి ఎన్ని రోజులు పడుద్దమ్మాయ్?” అన్నారు తాతబ్బాయి గారు. దిబ్బకు పేజీలు పంపే ఈ స్టేషనుకు పెద్ద ఆయనే. ఉన్నది మేమిద్దరమే.

“రెండు.”

“ఒకటిన్నరలో చెయ్యి.”

తల ఊపాను. సోలార్ పలకల మీద ఉప్పు తుడిచాను. పన్నెండు బ్యాటరీల్లో నీళ్ళు పోశాను. కింది అంతస్తులో నీళ్ళు ఈరోజు మూడో మెట్టు దాకా వచ్చాయి. ఒకప్పుడు ఆ గదిలోనే నేను ఒకటో తరగతి చదివాను. ఇది అప్పట్లో కాన్వెంటు.

పోటుకు 11 రోజులు

నాకు ముందు ఇక్కడ జోజప్ప గారు పనిచేసేవారు. నీళ్ళ పడవ కోసం ఆయన చేసిన పేజీనే దిబ్బవాళ్ళు ఆరేళ్ళుగా వాడుతున్నారు. ఆయన పోయాక నేనూ దాన్ని ముట్టుకోలేదు. అందులో ఆరు వరుసలు. మొదటిది ‘కొండసభ మీ సేవలో’. తర్వాత ఊరు, ఇంటి సంఖ్య, మనుషులు. ఐదోది ‘కావాలి’. ఆరోది ‘వద్దు’.

తెరలో కనిపించేది నాలుగు వరుసలే. కావలసిన మీట ఐదో వరుసలో ఉంది, అంటే కిందికి జరిపితే తప్ప కనిపించదు. పైన ఒక వరుస మొత్తాన్ని సేవ తినేస్తోంది.

ఆ పేజీనే తీసుకుని ‘కావాలి’, ‘వద్దు’ల చోట ‘ఎక్కుతాం’, ‘ఎక్కం’ పెట్టి, మొదటి వరుస తీసేశాను. అన్నీ ఒక్కో మెట్టు పైకి జరిగాయి. ఊరు, ఇంటి సంఖ్య, మనుషులు, ‘ఎక్కుతాం’ నాలుగూ ఒకే తెరలో కుదిరాయి. ‘ఎక్కం’ ఐదో వరుస. అది కావలసినవాళ్ళు జరుపుకుంటారు.

నొక్కిన తర్వాత వచ్చే జవాబు కూడా పొడుగ్గా ఉంది. ‘మీరు ఎక్కుతామన్నారు, నమోదైంది.’ దానికి రెండు వరుసలు పడుతున్నాయి. దేనికైనా ‘నమోదైంది’ అని ఒక్క మాట చాలనుకున్నాను.

పని అందంగా వచ్చింది. ఈ పుస్తకంలో ఇలాంటి మాట రాయడం ఇదే మొదటిసారి.

తాతబ్బాయి గారు నమూనా మిషను చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “బాగుంది. పంపేముందు దిబ్బవాళ్ళని ఒక మాట అడగాలేమో?”

“చదివితే తెలుస్తుందండీ,” అన్నాను.

రేడియోలో మాట్లాడాలంటే నాకు అరచేతులు చెమటలు పడతాయి. అడిగితే తప్ప మాట్లాడకపోవడం మంచి అలవాటని ఈ గదుల్లోనే నేర్చుకున్నాను. ఆయన రెట్టించలేదు.

పోటుకు 9 రోజులు

పేజీ చేరడానికి రెండు మధ్యాహ్నాలు పట్టింది. పేజీలనూ రేడియో మాటలనూ మోసే మా స్తంభం ఒంటిగంట నుంచి రెండు దాకానే పనిచేస్తుంది. ఎండ సూటిగా పడేది అప్పుడే, బ్యాటరీల బలం ఒక్కటే దానికి చాలదు. ఒక గంటలో ఇరవై పైచిలుకు మిషన్లకు పేజీ వెళ్తే గొప్ప.

సభ ఆదేశం కూడా వెళ్ళింది. పడవ కబురు వచ్చేదాకా మిషన్లు ఆర్పకూడదు.

పోటుకు 8 రోజులు

రేడియోలో నాంచారమ్మ గారు. దిబ్బలో రేడియో ఉన్నది ఆమె ఇంట్లోనే, ఇరవై మూడో నంబరు.

“ఏమే పంతులమ్మా, బతికే ఉన్నావా? గొంతు ఇని పది దినాలయింది.”

“ఉన్నానండీ. కొత్త పేజీ వచ్చిందా?”

“వచ్చింది, వచ్చింది. అబ్బో, ఇయ్యాల రెండు ముక్కలు మాటాడింది పిల్ల! పెళ్ళిసూపులకొచ్చినోడికైనా ఇన్ని సెప్తావా?”

“పేజీ అర్థమవుతోందా అండీ?”

“నీ పేజీ సంగతి నువ్వు సూసుకో. మా వేళ్ళ సంగతి మేం సూసుకుంటాం.”

వెనక ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి. ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు, నాలుగో మెట్టు, తొయ్! తర్వాత నవ్వులు. వచ్చిన కొత్తలో ఈ పాట విని ‘పడవను ఇసుకలోంచి నీళ్ళలోకి తోసే పాట, బాగుంది’ అని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను.

పోటుకు 6 రోజులు

జాబితా వచ్చింది. నలభై ఒక్క ఇళ్ళలో ఎక్కుతామన్నవి మూడు. ‘ఎక్కం’ అన్నవి ముప్ఫై ఎనిమిది.

తాతబ్బాయి గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. “మొండి జనం. మునిగినా ఆ ఇసకలోనే మునుగుతారంట.”

పడవ మీద తెర లేదు. పడవ నడిపే సరంగు మస్తాన్ చదివేది నేను చేత్తో రాసిచ్చే జాబితానే. కాన్వెంటు సిస్టర్లు నాకు దిద్దించిన గుండ్రటి అక్షరాలంటే ఆయనకు ఇష్టం. తెర మీద ఏముంటే అదే రాయాలి, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకూడదు. నేను వచ్చిన రెండేళ్ళలో ఒక్కసారీ కాలేదు.

మూడు పేర్లు రాశాను. కాగితం నిండా ఖాళీ. ఎక్కం అన్నవాళ్ళ ధైర్యం గురించి ఈ పుస్తకంలో రెండు వాక్యాలు రాసుకుని కొట్టేశాను.

పోటుకు 5 రోజులు

మూడు ఇళ్ళకు పెద్ద పడవ దండగని సభ దాన్ని ఉత్తరపు రేవుకు మళ్ళించింది. అక్కడి జనాన్ని ఎక్కించుకుని ఎల్లుండి బయల్దేరుతుంది. మనకు చిన్న నాటుపడవ చాలన్నారు.

ఒంటిగంటా పదికి రేడియో.

“ఒసేవ్ పంతులమ్మా, పడవ ఏ వైపు కడతారు? మూటలు తూరుపు గట్టుకి మొయ్యాలా, పడమటికా? నా కోడలు ముగ్గురు పిల్లల్నేసుకుని పొద్దుణ్ణించీ అటూ ఇటూ తిరుగుతా ఉంది.”

“మీకు పడవ లేదు కదండీ.”

“లేకపోడవేంది?”

“మీరు ‘ఎక్కం’ అన్నారు. మీ ఇల్లూ అదే అన్నది. ఇరవై మూడు.”

“నీ మతి ఉందా పోయిందా? ఎక్కం అని ఏ ముండ సెప్పింది? గంట కొట్టి అందరం ఒక్కసారే తోశాం. నాలుగు మెట్లు దిగి తోశాం. నమోదైందని గూడా వచ్చింది.”

“మెట్లంటే ఏంటండీ?”

ఆమె పాడింది. ఒకటో మెట్టు, రెండో మెట్టు. నాలుగో మెట్టు దగ్గర నా వేలు నమూనా మిషను మీదే ఉంది. కిందికి మీట నాలుగుసార్లు నొక్కాను. బాణం గుర్తు ‘ఎక్కం’ దగ్గర ఆగింది.

“మీరు చదవలేదా?” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

“దేన్ని సదవాలి? ఉప్పుగాలికి మా తెరలు సగం సచ్చి నాలుగేళ్ళయింది. నా దాంట్లో పై రెండు వరసలు వెలగవు. బాలమ్మ దాంట్లో మధ్యన ఏం లేదు. జోజప్ప గారు వచ్చి ఇల్లిల్లూ తిరిగి పాట నేర్పాడు. ఆయనకి తెలుసు, నీకు తెలవదా?”

నాకు తెలియదు. రెండేళ్ళు ఆ పాట వింటూనే ఇక్కడ కూర్చున్నాను.

“నేను ఒక వరుస తీసేశానండీ,” అన్నాను.

ఆమె తిట్టలేదు. “అయితే ఇప్పుడేం సెయ్యాలి, సెప్పు,” అంది.

పోటుకు 4 రోజులు

తాతబ్బాయి గారు కొండకు రేడియో చేశారు. అవతలి అధికారి గొంతు నాకూ వినిపించింది. “పేజీలో ఉన్నదే మాట. నోటిమాటలు నమ్మి పోయిన వరదలో ఖాళీ పడవలు తిప్పాం. మాట మార్చుకోవడానికి ఇంటికి ఒక్క అవకాశం ఉంది. ఒక్కటే. రేపు రెండింటికి జాబితా మూస్తాం.”

ఆయన గొడుగు, నీళ్ళ సీసా తీసుకుని తెప్పలో ఉత్తరపు రేవుకు బయల్దేరారు. రేపు సాయంత్రం పెద్ద పడవ కదిలేలోపు మస్తాన్‌ను పట్టుకోవాలి. కొండ లెక్క మారితే ఆ పడవ ఇటు తిప్పమని అడగాలి.

“నేనేం మాట్లాడాలండీ రేడియోలో?” అన్నాను మెట్ల మీద నిలబడి.

“నాకేం తెలుసమ్మా. పేజీ చేసింది నువ్వు. ఇక గొంతూ నీదే.”

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

మొదటి ఆలోచన, తీసేసిన వరుసను మళ్ళీ పెట్టి పంపడం. కుదరదు. అన్ని మిషన్లకూ చేరాలంటే రెండు మధ్యాహ్నాలు కావాలి, నాకున్నది ఒక్కటే. సగం ఇళ్ళలో ఆరు వరుసలు, సగం ఇళ్ళలో ఐదు ఉంటే ఏ పాటా పనికిరాదు.

రెండో ఆలోచన, నాలుగు కాదు, మూడే మెట్లు దిగమని చెప్పడం. కాగితం మీద రాసుకుని, గట్టిగా చదవడం కూడా మొదలుపెట్టాను. గది గోడలకు చెప్పడానికే రెండుసార్లు తడబడ్డాను.

చదువుతూ నమూనా మిషను మీద నొక్కి చూశాను. మూడు మెట్లకు బాణం ‘మనుషులు’ దగ్గర ఆగింది. ఆ వరుసలో తోస్తే, అంటే ఎంపిక మీట నొక్కితే, ఆ ఇంట్లో మనుషులు సున్నా అవుతారు.

ఎందుకో అర్థమవడానికి కొంతసేపు పట్టింది. నిన్న నేను నొక్కిన తర్వాత మిషను ఆర్పలేదు. బాణం ‘ఎక్కం’ దగ్గరే ఉండిపోయింది. మొదలైందే ఐదో వరుస నుంచి. దిబ్బలోనూ ఎవరూ ఆర్పలేదు, సభ ఆదేశం. ముప్ఫై ఎనిమిది బాణాలూ ఐదో వరుసలోనే ఉన్నాయి.

పైకి ఒక్కటి నొక్కితే చాలు. కానీ నాంచారమ్మ గారు నిన్ననే అన్నారు, పైకి మీటలు ఏనాడో తుప్పు పట్టాయట. పాటలో పైకి అన్నదే లేదు.

చివరి వరుస దాటితే బాణం మళ్ళీ మొదటికి వస్తుంది. ఐదో వరుస నుంచి కిందికి ఒకటి, ఊరు. రెండు, ఇంటి సంఖ్య. మూడు, మనుషులు. నాలుగు, ఎక్కుతాం.

నాలుగు. ఐదో వరుస నుంచి మొదలుపెట్టి పదకొండుసార్లు సరిచూశాను. పాట మార్చక్కర్లేదు. వాళ్ళ వేళ్ళకు వచ్చినదే మళ్ళీ ఒక్కసారి పాడాలి.

ఎవరైనా మిషను ఆర్పి ఉంటే తప్ప. ఆర్పి వెలిగిస్తే బాణం మొదటి వరుసలో ఉంటుంది. వాళ్ళకు నాలుగు అంటే మళ్ళీ ‘ఎక్కం’, ఇక మార్చుకోవడానికి లేదు. ఎవరు ఆర్పారో పేజీలో కనిపించదు. అడగాలి.

పోటుకు 3 రోజులు

ఒంటిగంటకు మబ్బు. ఒంటిగంటా ఇరవైకి మబ్బు. ఇరవై ఆరుకు ఎండ పలక అంచును తాకింది. రేడియో గరగరమంది.

“నాంచారమ్మ గారూ, అందరూ మీ వాకిట్లో ఉన్నారా?”

“మిషన్లు ఒళ్ళో ఎట్టుకుని కూకున్నారు. సెప్పు.”

చెప్పాను. జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎవరితోనూ మాట్లాడలేదు. ముందుగా, చదివి నొక్కిన మూడు ఇళ్ళవాళ్ళు మిషన్లు కింద పెట్టాలి. తర్వాత, ఎవరైనా ఆర్పారా?

ఆమె ఒక్కొక్కరి పేరూ పిలిచింది. బాలమ్మా, ఆర్పావా? లేదు. పోతురాజూ? లేదు. వెనక ఎవరో ముసలాయన, “మొన్న ‘ఎక్కం’ అని రాసుకున్నదీ ఈ పిల్ల పేజీయే, ఇయ్యాల ఎక్కండి అంటన్నదీ ఈ పిల్లే. ఏది నమ్మాలి?” అన్నాడు.

“నన్ను నమ్మొద్దండీ,” అన్నాను. “పాటను నమ్మండి.”

“ఓయబ్బో,” అంది నాంచారమ్మ. “సరే, ఎత్తుకోండమ్మా.”

పాట మొదలైంది. ఎప్పుడూ వినే పాట కాదు, నవ్వులు లేవు. నా తెర మీద జాబితా ఒక్కో వరుసా మారడం మొదలైంది. నాలుగు, ‘ఎక్కుతాం’. పదిహేడు, ‘ఎక్కుతాం’. స్తంభానికి బలం చాలక ఒక్కో ఇంటికి అర నిమిషం పడుతోంది. ఒంటిగంటా యాభై రెండుకు నలభై ఇళ్ళు.

ఇరవై మూడు మారలేదు.

“మీ ఇల్లు?” అన్నాను.

“నాది ఎలగట్లేదుగా. నాకున్నది ఒక్క బ్యాటరీ. రేడియోకి తగిలిస్తే మిషనుకి ఉండదు. వీళ్ళది అవ్వనీ, నాది తరవాత అనుకున్నా.”

అందరినీ అడిగింది ఆమే. ఆమెను నేను అడగలేదు.

“మీరు ఎన్నిసార్లు ఆర్పారు?”

“నీతో మాటాడినప్పుడల్లా.”

“అత్తా,” అన్నాను. ఎప్పుడూ అలా పిలవలేదు, ఎలా వచ్చిందో తెలియదు. “అత్తా, నీకు నాలుగు కాదు. మూడు. ఇప్పుడు బ్యాటరీ మార్చి, వెలిగించి, మూడు మెట్లే దిగి తోయి. పాట పాడొద్దు. ఎవర్నీ పాడనివ్వొద్దు.”

“నాలుగేళ్ళ అలవాటే. వేలు ఆగుద్దంటావా?”

“మూడే అత్తా.”

“నువ్వు లెక్కెట్టు, నేను నొక్కుతా.”

“బ్యాటరీ తీస్తే నా గొంతు వినపడదు.”

“అవును గదా,” అంది. చిన్నగా నవ్వింది. రేడియో ఆగిపోయింది.

ఒంటిగంటా యాభై ఐదు. యాభై ఆరు. ఒకటి, రెండు, మూడు అని ఖాళీ గదిలో పైకే లెక్కపెట్టాను. యాభై ఎనిమిదికి గోడ మీద ఎండ ఆరిపోయింది. తెర మీద చివరిసారి కనిపించినప్పుడు ఇరవై మూడు ఎదురుగా ‘ఎక్కం’ అని ఉంది.

పోటుకు 2 రోజులు

ఎండ లేదు. కొండ నుంచి ఏ కబురూ లేదు, వెళ్ళేదీ లేదు. ఆమె మూడు నొక్కిందో, నాలుగు నొక్కిందో, నొక్కే లోపే స్తంభం ఆగిందో తెలుసుకునే దారి లేదు.

పొద్దున తాతబ్బాయి గారు తెప్పలో తిరిగి వచ్చారు, పెదాలు పగిలి ఉన్నాయి. మస్తాన్ దొరికాడు. నిన్న సాయంత్రం కొండ అతని రేవుకు లెక్క పంపింది, నలభై ఇళ్ళు. ఉత్తరం జనాన్ని దింపి రేపు ఇటే వస్తాడు. “నలభై, అమ్మాయ్!” అని నా తల మీద చెయ్యి పెట్టారు. ఒకటి తక్కువని ఆయనకు చెప్పాను. చెయ్యి అలాగే కాసేపు ఉంచి తీసేశారు.

కొత్త కాగితం మీద జాబితా రాశాను. ఒకటి నుంచి ఇరవై రెండు. తర్వాత ఇరవై నాలుగు నుంచి నలభై ఒకటి. తెర మీద ఉన్నది ఇదే.

కాగితం ఆరబెట్టి బ్యాటరీలకు నీళ్ళు పోసి వచ్చాను. ఈ స్టేషనూ మునుగుతుంది కాబట్టి మేమూ అదే పడవలో కొండకు వెళ్తున్నాం, పన్నెండూ మాతో వస్తాయి. అవి ఉంటే అక్కడ మళ్ళీ స్టేషన్ పెట్టుకోవచ్చు. నాకు వచ్చిన పని ఇదొక్కటే.

మళ్ళీ కూర్చున్నాను. ఇంకో కాగితం తీసుకున్నాను. మొదటి నుంచి రాశాను. ఇరవై రెండు తర్వాత ఆగలేదు. ‘23. నాంచారమ్మ. మనుషులు 5. ఎక్కుతాం.’ అక్షరాలు మిగతావాటిలాగే గుండ్రంగా వచ్చాయి. మొదటి కాగితాన్ని కింది గది నీళ్ళలో వదిలాను.

పోటుకు 1 రోజు

మస్తాన్ పడవను మా మెట్లకు ఆనించాడు. జాబితా వేలితో లెక్కపెట్టుకున్నాడు.

“కొండ చెప్పిందానికి ఐదుగురు ఎక్కువున్నారే. ఈ బ్యాటరీలతో కలిపితే అంచు నీళ్ళకి తగుల్తుంది. గాలి చూశారుగా.”

తాతబ్బాయి గారు కాగితం తీసుకున్నారు. ఆయన వేలు ఇరవై మూడు దగ్గర ఆగింది. నా వంక చూశారు.

“బ్యాటరీలు వద్దండీ,” అన్నాను. “ఇక్కడే వదిలేద్దాం.”

“పన్నెండూనా? మరి కొండ మీద ఏం చేస్తావమ్మాయ్?”

“తెలియదండీ.”

ఆయన కాగితం మడిచి మస్తాన్ జేబులో తనే పెట్టారు. “అమ్మాయి చేతిరాత ఎప్పుడన్నా తప్పు పోయిందా? పద.”

నాచుదిబ్బ చేరేసరికి నీళ్ళు ఇళ్ళ గడపల్లో ఉన్నాయి. జనం తూర్పు గట్టు మీద వరుసగా నిలబడ్డారు. మస్తాన్ ఒక్కో నంబరూ పిలిచాడు. గొంతుతో తప్ప మొహంతో ఎరగని మనుషులు నన్ను దాటుకుంటూ ఎక్కారు. అందరికంటే వెనక, నడుముకు రేడియో కట్టుకుని, చంకలో పిల్లతో, పొట్టిగా ఉన్న ఒకావిడ నిలబడి ఉంది. ఆమె వెనక కోడలు, ఇంకో ఇద్దరు పిల్లలు. ఇరవై రెండు తర్వాత మస్తాన్ కాగితాన్ని గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

“ఇరవై మూడు!”

ఆమె పిల్లను నా చేతికి అందించింది. పడవ అంచు పట్టుకుని ఎక్కుతూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నువ్వేనా పంతులమ్మవి? ఇంతేనా?”

“నేనే అత్తా.”

“మూడే నొక్కానే. నాలుగోదానికి వేలు లేస్తా ఉంటే ఎడం చేత్తో పట్టుకుని ఆపా. మళ్ళీ రేడియో ఎలిగిస్తే నువ్వు లేవు. రెండు దినాల్నించీ అడుగుదామంటే ఎవురూ లేరు.” నా మొహంలోకి వంగింది. “పడిందా?”

“పడిందత్తా,” అన్నాను. ఇంజను చప్పుడులో కూడా నా మాట పడవంతా వినపడింది.